ఇంగ్లీషు సారు మీద మేం పట్టిన మౌనం

మా డిగ్రీ క్లాసులో ఒక మంచి అలవాటు ఉండేది. దానివల్లే ఇంత జరిగినా, మంచిదనే ఇప్పటికీ అంటాను. పొద్దున క్లాసులకు రాలేని వాళ్ళకు, వచ్చేవాళ్ళం వంతులేసుకుని నోట్సు రాసిపెట్టేవాళ్ళం. మార్కాపురంలో పలకల పనికి పోయే మగపిల్లలు నలుగురైదుగురు మాతో చదివేవాళ్ళు. బస్సు తప్పిపోతే మధ్యాహ్నానికి గానీ చేరలేని వాళ్ళు ఇంకొందరు. ఎవరు ఎవరికి రాయాలో మా క్లాసు లీడరు ఒక కాగితం మీద రాసి బోర్డు పక్కన అంటించేవాడు. ఆ కాలేజీ పేరు చెప్పను. చెప్పినా ఉపయోగం లేదు, మూతపడి చాన్నాళ్ళయింది.

నా వంతుకు వచ్చిన మనిషి భాయ్. మార్కాపురంలోనే పుట్టి పెరిగిన ముస్లింల ఇంటి అబ్బాయి, మాకంటే నాలుగేళ్ళు పెద్ద. మధ్యలో చదువు ఆపేసి మళ్ళీ వచ్చి చేరాడు. క్లాసంతా, సార్లతో సహా, అతన్ని భాయ్ అనే పిలిచేది. నేను మాత్రం అన్నా అనేదాన్ని. తెల్లారకముందే ఫ్యాక్టరీకి పోయి, పలకలు కోసే మిషను దగ్గర పనిచేసి, పదకొండు దాటాక క్లాసుకు వచ్చేవాడు. కనుబొమ్మల మీద బూడిద రంగు పొడి అట్లాగే ఉండేది. మొదట్లో నేను పూర్తి నోట్‌బుక్కే ఇవ్వబోతే తీసుకోలేదు.

"ఇంత పెద్ద పుస్తకం ఆడ యాడ తెరుస్తా చెల్లీ? దుమ్ముకు పాడైపోతాది. చిన్న కాయితాల్లో రాసియ్యి, జేబులో పెట్టుకుంటా. టీ తాగేటప్పుడు చూసుకుంటా" అన్నాడు.

సరేనని పేజీని నాలుగు ముక్కలు చేసి, రెండు వైపులా చీమల్లాంటి అక్షరాలతో రాసి ఇచ్చేదాన్ని. నా చేతిరాత మీద నాకు కొంచెం పొగరు కూడా ఉండేది. అంత సన్నగా, అంత గుండ్రంగా మా క్లాసులో ఇంకెవరూ రాయలేరు. పరీక్షల్లో కాపీ కొట్టే స్లిప్పు ఎలా ఉంటుందో నా నోట్సు అచ్చం అలాగే ఉందని ఏడాదిన్నరలో ఒక్కరోజైనా మా ఇద్దరికీ తట్టలేదు. లోకంలో ఇంత తెలివితక్కువ సాయం ఇంకెవరైనా చేశారేమో నాకు తెలియదు.

మా ఇంగ్లీషు సారుది పామూరు. మార్కాపురంలో గది తీసుకుని ఉండేవాడు, శనివారం సాయంత్రం బస్సెక్కి ఇంటికి పోయేవాడు. ముప్పై అయిదేళ్ళుంటాయేమో, అప్పట్లో నా కంటికి ముసలివాడే. ఆడపిల్లల్ని అమ్మా అని, మగపిల్లల్ని నాయనా అని పిలిచేవాడు. ఇంగ్లీషు పాఠంలో సగం తెలుగులోనే చెప్పేవాడు గాని, ఆ సగమే మాకు గుర్తుండేది. నా కాంపోజిషన్ పుస్తకాన్ని అందరికీ ఎత్తి చూపించి, "రాత అంటే ఇది. చదివేవాడి కళ్ళకు మర్యాద ఇచ్చినట్టు ఉంది" అన్నాడు ఒకసారి. ఆ పొగడ్తే తర్వాత నా మెడకు చుట్టుకుంది. ఆయన పర్మనెంట్ కాదు. ఏడాదికోసారి, వేసవి సెలవులకు ముందు, మేనేజ్‌మెంట్ ఆయన్ని కొనసాగిస్తుందో లేదో చెప్పేది.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. ఎండ మండిపోతోంది, పాఠం ఎవరికీ ఎక్కడం లేదు. సారు పుస్తకం మూసేసి, ఎప్పుడో చదివిన పాత సంగతి ఒకటి చెప్పాడు. వెనకటి కాలంలో అమెరికా కాలేజీల్లో పిల్లలు అక్కడే ఉండి, అక్కడే తిని చదువుకునేవాళ్ళట. వాళ్ళలో ఎవడైనా తోటివాణ్ణి పైవాళ్ళకు పట్టిచ్చాడని తెలిస్తే, లేదంటే ఏ పంతులైనా తమకు అన్యాయం చేశాడనిపిస్తే, క్లాసంతా కూడి ఒక నిర్ణయం తీసుకునేవాళ్ళట. ఆ రోజు నుంచి ఆ మనిషితో ఎవరూ మాట్లాడరు. అన్నం బల్ల దగ్గర అతను కూర్చుంటే పక్కవాడు లేచిపోతాడు. పలకరిస్తే ఎవరూ పలకరు.

"కొట్టేది లేదు, తిట్టేది లేదు. పదిమంది మనసు ఒకటై ఒక మనిషిని లేనట్టు చూస్తాది. అంతే. నెలల తరబడి నడిచేదంట. కొందరు కాలేజీ ఇడిసిపెట్టి పోయినారంట" అన్నాడు సారు. మూసిన పుస్తకం బల్ల మీద పెట్టి, "రాయి తీసుకుని కొట్టినోడు నయం నాయనా, వాణ్ణి అడ్డుకోవచ్చు" అన్నాడు.

ఆయన అసహ్యపడుతూ చెప్పాడు. మేం భలే ఉందే అనుకుంటూ విన్నాం. ఆ రోజు భాయ్ క్లాసుకు రాలేదు కాబట్టి, ఆ అమెరికా కథను కూడా నేను చిన్న కాగితం మీద రాసి అతనికిచ్చాను.

మూడో సెమిస్టరు పరీక్షలు మా కాలేజీలోనే జరిగాయి. హిస్టరీ పరీక్ష రోజు ఫ్యాక్టరీలో ఏదో లోడు వెళ్ళాలని భాయ్‌ని ఆపేశారు. అతను పని చొక్కాతోనే, చెమటలు కక్కుతూ, చివరి నిమిషంలో హాల్లోకి వచ్చి పడ్డాడు. నా ముందు బెంచీ అతనిది. పరీక్ష మొదలైన గంటకు యూనివర్సిటీ స్క్వాడ్ వచ్చింది. వాళ్ళలో ఒకాయన వరసగా జేబులు తడుముతూ వచ్చి భాయ్ చొక్కా జేబులోంచి మడతపెట్టిన కాగితాలు నాలుగు తీశాడు.

నా చేతిలో పెన్ను ఆగిపోయింది. ఆ మడతలు కూడా నావే.

"ఎవరు రాసిచ్చారు?" అన్నాడు స్క్వాడ్ ఆయన.

"నేనే రాసుకున్నా సార్. నోట్సు సార్ అది. జేబులో ఉండాదని మర్చిపోయినా" అన్నాడు భాయ్.

ఆయన జవాబు పత్రం తీసి పక్కన పెట్టి చూశాడు. భాయ్ రాత కోడి గెలికినట్టుంటుంది. "ఇది నీ రాత కాదు. రాసిచ్చినోళ్ళ మీద కూడా కేసే" అని, హాల్లో ఇన్విజిలేటర్‌గా ఉన్న మా ఇంగ్లీషు సారును పిలిచాడు. "మీ పిల్లలే గదా, ఈ రాత ఎవరిదో చెప్పండి" అన్నాడు.

సారు ఆ కాగితం తీసుకున్నాడు. వెలుతురు వైపు తిప్పి చూశాడు. నేను తల దించుకుని, కాగితం మీద ఏవో గీతలు గీస్తూ ఉన్నాను. ఆయన నా వైపు చూడలేదు. చూడకుండా ఉండడానికి ఎంత కష్టపడ్డాడో అంత దగ్గర్లో ఉన్న నాకు తెలిసింది.

"తెలీదండీ" అన్నాడు.

ఆ మాట చాలా మెల్లగా అన్నాడు. విన్నది నేనూ భాయ్ మాత్రమే. ఆ హాల్లో మా క్లాసువాళ్ళు మరో ఇద్దరే ఉన్నారు, వాళ్ళు దూరంగా చివరి వరసలో ఉన్నారు. వాళ్ళకు కనిపించిందల్లా, సారు కాగితం చేతిలో పట్టుకుని చూడడం, స్క్వాడ్ ఆయనతో ఏదో చెప్పడం, తర్వాత ఫారం మీద సంతకం పెట్టడం. ఇన్విజిలేటర్ సంతకం లేకపోతే ఆ ఫారం చెల్లదు, కాబట్టి పెట్టక తప్పదు. అదేమీ వాళ్ళకు తెలియదు. నోట్సు అంటే క్లాసుకు నోట్‌బుక్కే, భాయ్‌కి నేను చిన్న కాగితాల్లో రాసిస్తానని మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. సాయంత్రానికి కాలేజీ అంతా ఒకటే మాట. భాయ్‌ని ఇంగ్లీషు సారే పట్టిచ్చినాడంట.

భాయ్ రాసిన ఆ సెమిస్టరు పరీక్షలన్నీ రద్దయ్యాయి. ఇంకో ఏడాది రాయడానికి వీల్లేదని డీబారు చేశారు, అతను క్లాసుకు రావడం మానేశాడు.

పరీక్షలయ్యాక మళ్ళీ క్లాసులు మొదలైన రోజు, మొదటి పీరియడ్ ముందే క్లాసంతా పొయ్యి మీద పెట్టిన పాలలా పొంగుతోంది. పొద్దుటిపూట రాళ్ళపొడి మింగి చదువుకునే మనిషికి అన్యాయం జరిగిందని అందరికీ నిజంగానే మండింది. ఆ కోపంలో కల్తీ లేదు, ఆ సంగతి చెప్పకపోతే తప్పవుతుంది. లీడరు బల్ల ఎక్కి నిలబడ్డాడు.

"గేటుకు తాళం ఏద్దాం. ధర్నా చేద్దాం. ఆ కాయితాలు తెప్పించి ఎంక్వైరీ ఎయ్యమందాం. సారు భాయ్ మీద ఎందుకు కక్షగట్టినాడో తేలాల్సిందే" అన్నాడు.

ఎంక్వైరీ అనగానే నేను లెక్క వేసుకున్నాను. కాగితాలు వస్తే రాత వస్తుంది. రాత వస్తే నేను వస్తాను. బేస్తవారిపేట దగ్గర మా ఊళ్ళో మాకు కొద్దిపాటి మెట్ట పొలం, కొన్ని గొర్రెలు. వాన పడితే సజ్జ, కంది. మా వంశంలో డిగ్రీ గడప తొక్కిన ఆడపిల్లను నేనే. నన్ను చేర్పించిన రోజే నాయన బస్టాండులో నిలబెట్టి చెప్పాడు, "నీ మీద ఒక్క మాట వచ్చినా సరే, ఎవురిది తప్పని నేను అడగను. వచ్చి గొర్రెలు తోలుకో" అని. నాయన అన్నంత పనీ చేసే మనిషి. నా డీబారు కాగితం ఇంటికి చేరితే ఆ సాయంత్రమే నా చదువు అయిపోతుంది.

నేను లేచి నిలబడ్డాను. అంతకుముందు క్లాసులో నోరు విప్పిన దాన్ని కాదు.

"తాళాలు, ధర్నాలు ఎందుకు? గొడవ చేస్తే మనల్నే తప్పుబడతారు. సారే చెప్పినాడు గదా, అమెరికాలో పిల్లలు ఏం చేసినారో. మనమూ అదే చేద్దాం. సారుతో ఎవురూ మాట్లాడొద్దు. ఆయన చెప్పిన మందు ఆయనకే పోద్దాం" అన్నాను.

లీడరు బల్ల దిగి నావైపు చూశాడు. తర్వాత చప్పట్లు. బల్లలు చరిచారు. "ఏందిమే, ఇంత తెలివి యాడ దాచినావు ఇన్నాళ్ళు!" అంది పక్కమ్మాయి. నా జీవితంలో నలుగురూ నాకు చప్పట్లు కొట్టడం అదే మొదటిసారి. సిగ్గు లేకుండా చెబుతున్నాను, అప్పుడు సంతోషం కూడా వేసింది.

సారు వచ్చి హాజరు మొదలుపెట్టాడు. మొదటి నంబరు పిలిచాడు. జవాబు లేదు. తల ఎత్తి చూశాడు, మనిషి ఉన్నాడు. రెండో నంబరు. మూడో నంబరు. ఆయన నవ్వాడు. "ఏంది నాయనా, అందరూ మౌనవ్రతమా? ఈరోజు ఏ పండగ?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. మిగతా నంబర్లన్నీ ముఖాలు చూసి టిక్కు పెట్టుకున్నాడు. నా నంబరు దగ్గరకు వచ్చేసరికి తల ఎత్తకుండానే టిక్కు పెట్టేశాడు.

మొదటి వారం ఆటలా ఉండింది. సారు ప్రశ్న అడిగితే నలభై మంది కిటికీలోంచి బయటికి చూడడం, ఆయన జోకు వేస్తే పళ్ళు బిగబట్టుకోవడం, ఆయన వెళ్ళాక ఒక్కసారిగా పకపకా నవ్వడం. రెండో వారంలో సారు ప్రశ్నలు అడగడం మానేశాడు. మూడో వారం నుంచి బోర్డు మీద రాయడం ఎక్కువైంది. సుద్దముక్క గీసుకునే చప్పుడు, ఆయన సీసా మూత తిప్పి నీళ్ళు తాగే చప్పుడు, ఫ్యాను కటకట. ఇవి తప్ప ఆ గదిలో ఇంకేమీ వినిపించేవి కావు. ఒకరోజు ఆయనకు పొలమారింది. చాలాసేపు దగ్గాడు. ముందు బెంచీ అమ్మాయి అలవాటుగా సగం లేచి, వెనకనుంచి ఎవరో గట్టిగా గొంతు సవరించేసరికి మళ్ళీ కూర్చుంది.

నేను మధ్యలో మాట్లాడదామన్నా దారి లేదు. నేను తెచ్చిన ఉపాయం, నేనే తప్పితే ఎందుకు తప్పావంటారు. ఎందుకో చెప్పాలంటే కాగితం దగ్గరకు రావాలి. క్లాసులో నా విలువ పెరిగింది, అది ఇంకో కష్టం. ఎవరైనా మెత్తబడితే లీడరు నావైపు చూపించి, "ఆ పిల్లను చూడండి, సారు ఎంత మెచ్చుకునేవాడు, అయినా న్యాయం కోసం నిలబడింది" అనేవాడు. రోజూ పొద్దున బేస్తవారిపేటలో బస్సెక్కేటప్పుడు, ఈరోజు సారు సెలవు పెడితే బాగుండు అనుకునేదాన్ని. ఆయన ఒక్కరోజు కూడా సెలవు పెట్టలేదు. ఆ మొండితనం చూసి ఆయన మీదే కోపం వచ్చేది. చెప్పేస్తే పోయేది గదా, ఆ రాత ఫలానా పిల్లదని? ఎందుకు దాస్తాడు? నన్నెందుకు ఇట్లా కాపాడి చంపుతాడు?

నెల దాటాక, ఒక శనివారం, ఆలస్యమైతే బస్సు తప్పిందని ఇంట్లో చెప్పొచ్చులే అని ధైర్యం చేసి పలకల ఫ్యాక్టరీకి వెళ్ళాను. భాయ్ మిషను ఆపి బయటికి వచ్చాడు. ముఖానికి కట్టుకున్న గుడ్డ విప్పాడు. గుడ్డ ఉన్నంత మేర ముఖం ఒక రంగు, మిగతాది ఒక రంగు.

"నేను ఇన్నా. సారుతో మాట్లాడటం లేదంటనే అందరూ?" అన్నాడు.

"నీ కోసమే అన్నా" అన్నాను. ఆ మాట అంటుంటే నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది.

"సారు ఏం జేసినాడు? సంతకం పెట్టమంటే పెట్టినాడు. స్క్వాడాయన జేబులో చెయ్యి పెట్టి తీసినాడు, నువ్వు ఎనకాలే ఉంటివి గదా. సారు నిన్ను కాపాడినాడు. నేనొచ్చి క్లాసులో చెప్తా."

"చెప్తే, మరి కాయితం ఎవురిదని అడుగుతారు."

భాయ్ చేతుల పొడి దులుపుకున్నాడు, మళ్ళీ దులుపుకున్నాడు. "అడుగుతారు" అన్నాడు. "నేను అబద్ధం ఆడినా ఎవురూ నమ్మరు. నాకు నోట్సు రాసే వంతు నీదని అందరికీ తెలుసు. నువ్వు చెప్పు చెల్లీ. చెప్పమంటే సోమవారమే వస్తా. వద్దంటే రాను."

నా చదువు, సారు బతుకు, రెండూ నా చేతిలో పెట్టి నిలబడ్డాడు. ఇరవై ఏళ్ళు నిండని దాన్ని అని ఇప్పుడు నాకు నేను చెప్పుకుంటూ ఉంటాను. కానీ ఆ రోజు నాకు ఏది మంచో, ఏది చెడో తెలియక కాదు. తెలిసే అన్నాను.

"వద్దన్నా."

"సరే" అన్నాడు. ముఖానికి గుడ్డ కట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

ఎండలు ముదిరాక ఒకరోజు ప్రిన్సిపాల్ మా క్లాసుకు వచ్చాడు. సారును బయట వరండాలో నిలబెట్టి తలుపు దగ్గరగా వేశాడు. వచ్చే ఏడాదికి ఎవరిని ఉంచాలో ఎవరిని తీసేయాలో చూస్తున్నామని, ఇంగ్లీషు క్లాసులో పిల్లలు నోరు విప్పడం లేదన్న మాట మేనేజ్‌మెంట్ దాకా పోయిందని చెప్పాడు. "పిల్లలతో పడని ఆయన్ను ఉంచి ఏం చేసుకుంటాం? మీరు చెప్పేదాన్ని బట్టే ఉంటాది. ఆయన మీద మీకేముందో చెప్పండి. మంచిదైనా సరే, చెడ్డదైనా సరే. ఒక్కరన్నా మాట్లాడండి" అన్నాడు.

నలభై మందీ బల్లల వైపు చూస్తున్నారు. తలుపు సందులోంచి సారు చెప్పులు కనిపిస్తున్నాయి. నేను లేచాను. ఎలా లేచానో తెలియదు, కాళ్ళు వాటంతట అవే లేచాయి. ప్రిన్సిపాల్ ముఖంలో ఆశ కనిపించింది. లీడరు నావైపు తిరిగాడు. అందరూ తిరిగారు. సారు తప్పు లేదు అన్న మూడు మాటలు నాలుక మీద ఉన్నాయి. ఆ మూడింటి వెనక రావలసిన నాలుగో మాట, ఆ కాగితం నాది అన్నది, వాటిని బయటికి రానివ్వలేదు.

"చెప్పమ్మా" అన్నాడు ప్రిన్సిపాల్.

"మంచినీళ్ళు తాగొస్తా సార్" అన్నాను.

ఎవరో కిసుక్కున నవ్వారు. ప్రిన్సిపాల్ విసుగ్గా చెయ్యి ఊపాడు. నేను తలుపు తీసుకుని బయటికి పోయాను. సారు పక్కకు జరిగి దారి ఇచ్చాడు. ఆయన పక్కనుంచే వెళ్ళి, కుళాయి దగ్గర నిలబడి, నిజంగానే నీళ్ళు తాగాను.

వచ్చే ఏడాదికి సారును కొనసాగించలేదు. చివరి రోజు సాయంత్రం బస్టాండులో ఆయన కనిగిరి బస్సు కోసం నిలబడి ఉన్నాడు, ఒక పెట్టె, ఒక పరుపుచుట్ట. అక్కడి నుంచి మళ్ళీ పామూరు బస్సు పట్టుకోవాలి. నేను గోళీసోడా బండి వెనక్కి తప్పుకున్నాను. ఆ బస్సు వెళ్ళేదాకా అక్కడే ఉన్నాను. నా బస్సు కూడా పోయింది.

డిగ్రీ అయింది, పీజీ అయింది, బీఈడీ అయింది. ఇప్పుడు గిద్దలూరులో జూనియర్ కాలేజీ పిల్లలకు పాఠాలు చెబుతాను. నాయన ఊళ్ళో ఎవరు కనిపించినా, మా పాప లెక్చరరు అని అడక్కుండానే చెబుతాడు. పాత క్లాసువాళ్ళం వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. సారు కనిగిరిలో ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో చిన్నపిల్లలకు చెబుతున్నాడని, తర్వాత కిడ్నీలు దెబ్బతిన్నాయని, డయాలసిస్ కోసం వారానికి రెండుసార్లు మార్కాపురం వస్తున్నాడని గ్రూపులోనే తెలిసింది. గిద్దలూరు నుంచి మార్కాపురం ఎంత దూరమని? ప్రతి ఆదివారం రాత్రి, వచ్చే వారం తప్పకుండా పోవాలి అనుకునేదాన్ని. భాయ్ రెండు మూడుసార్లు ఫోన్ చేశాడు. సారు సంగతే అయ్యుంటుందని ఎత్తలేదు. మళ్ళీ చేద్దాంలే అనుకున్నాను. ఏడాది గడిచింది. తర్వాత గ్రూపులో సారు ఫోటో పూలదండతో వచ్చింది. కింద అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. నేనూ పెట్టాను.

ఆ తర్వాత కొన్ని నెలలకే పాత విద్యార్థుల సమ్మేళనం అన్నారు. మార్కాపురంలో ఫంక్షన్ హాలు, పెద్ద ఫ్లెక్సీ, సార్లకు శాలువాలు. వేదిక మీద ఒక బల్ల మీద ఇంగ్లీషు సారు ఫోటో, ముందు అగరొత్తులు. మైకు ఎప్పట్లాగే మా లీడరు చేతిలోనే. ఇప్పుడు ప్లాట్లు అమ్ముతాడు, మాటకు కొదవ లేదు.

"మన ఇంగ్లీషు సారు దేవుడు" అని మొదలుపెట్టాడు. "ఆయన ఆత్మకు శాంతి కలగాలని రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం" అన్నాడు. అందరం లేచి నిలబడ్డాం. కుర్చీలు కిర్రుమన్నాయి, ఒకరి పిల్లవాడు ఏడ్చాడు, ఎవరి ఫోనో మోగింది. అరనిమిషం కూడా కాకముందే, చాలు కూర్చోండి అన్నాడు లీడరు. నెలల తరబడి నోళ్ళు కట్టుకున్న మాకు ఆయన కోసం రెండు నిమిషాల మౌనం చేతకాలేదు. నా ఒళ్ళు మండిపోయింది.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. లీడరు నవ్వుతూ, "ఆ రోజులు తలుచుకుంటే భలే ఉంటాది లేప్పా. సారు క్లాసులో మనం పట్టిన మౌనం గుర్తుందా? పిన్ను పడితే వినపడేది. అప్పుడు కోపం, ఇప్పుడు తీపి గుర్తు. ఆ ఐడియా ఇచ్చిన మేడం ఈడనే ఉండాది, రెండు మాటలు చెప్తాది" అని నన్ను పిలిచాడు. చప్పట్లు కొట్టారు.

వేదిక ఎక్కాను. ఫోటో వైపు చూడలేదు. "భాయ్ జేబులో దొరికిన కాగితం నేను రాసింది" అన్నాను. "సారు భాయ్‌ని పట్టివ్వలేదు. రాత ఎవరిదని అడిగితే తెలీదని అబద్ధం ఆడి నన్ను కాపాడాడు. నాకు తెలుసు. ఎంక్వైరీ అంటే భయపడి, నేనే మీచేత మౌనం పట్టించాను. ప్రిన్సిపాల్ అడిగినప్పుడు కూడా చెప్పలేదు. సారు ఉద్యోగం పోయింది నా వల్ల."

హాలు నిశ్శబ్దమైపోయింది. ఈసారి నిజమైన నిశ్శబ్దం. సరే, ఇప్పుడు నా వంతు అనుకున్నాను. ఎవరూ నాతో మాట్లాడకుండా, నా పక్క కుర్చీ ఖాళీ చేసి లేచిపోతే, నేను ఎత్తుకు తిరుగుతున్న బరువు కొంచెమైనా దిగుతుందని ఆశపడ్డాను. నిజంగా ఆశపడ్డాను.

లీడరు వచ్చి మెల్లగా నా చేతిలోంచి మైకు తీసుకున్నాడు. "మేడం ఎమోషనల్ అయింది. ఎవురు చేయని తప్పులు? చిన్నతనం. ఇంత ధైర్యంగా చెప్పిందంటే అది సారు పెట్టిన చదువే. గట్టిగా చప్పట్లు కొట్టండి" అన్నాడు. కొట్టారు. కొందరు లేచి నిలబడి కొట్టారు. "భోజనాలు రెడీగా ఉండాయి, చల్లారిపోకముందే రండి" అన్నాడు.

ప్లేటు పట్టుకుని ఒక మూల కూర్చున్నాను. భాయ్ వచ్చి పక్కన కూర్చున్నాడు. పలకల ఫ్యాక్టరీ మూసేశాక బండలు పరిచే పని చేస్తున్నాడు. గడ్డం అక్కడక్కడ నెరిసింది, గోళ్ళ సందుల్లో సిమెంటు.

"ఇంత కాలం ఎందుకు మోసినావు చెల్లీ" అన్నాడు. నేను ప్లేటు ఒళ్ళో పెట్టుకున్నాను.

"డయాలసిస్ కాడికి నేను పోతుంటి. సారుకు తోడు ఎవురూ లేకుంటే నాలుగు గంటలు ఆడనే కూర్చునేటోణ్ణి. ఒకసారి అడిగినాడు, ఆ పిల్ల చదువు ఆగలేదు గదా అని. లెక్చరర్ అయిందని చెప్పినా. ఎంత సంతోషపడినాడో. మంచంలో లేచి కూర్చున్నాడు. ఆ తర్వాత పోయినప్పుడల్లా తలుపు కాడ ఎవురన్నా ఆడమనిషి వస్తే తల ఎత్తి చూసేవాడు. నేనే చెప్పినా సార్‌కు, వస్తాది సార్, తప్పకుండా వస్తాది అని. నీకు ఫోన్ చేసినా."

వడ్డించేవాళ్ళలో ఒకరు మా దగ్గర ఆగి, నా ప్లేటులో ఇంకో గరిటె బిర్యానీ వేసి, తినండి మేడం అన్నారు. తిన్నాను.